బొమ్మలో అతన్ని లేపి నిలబెట్టండి

సంపాదకులు గారికి,

నమస్కారం. అమెరికాలో బానిసత్వం అంతమైన రోజుగా జరుపుకునే జూన్ 19 సందర్భంగా మీ పత్రిక పిల్లల పేజీలో ‘ఒక్క సంతకంతో 40 లక్షల మందికి స్వేచ్ఛ’ అని ఒక వ్యాసం వేశారు. నాలుగు రోజుల తర్వాత ఒక పాఠకుడు దాని మీద ఉత్తరం రాశారు. అమెరికా అంతర్యుద్ధానికి బానిసత్వంతో సంబంధమే లేదట, అదంతా పన్నుల గొడవట, రాష్ట్రాల హక్కుల కోసం జరిగిన పోరాటమట. వ్యాసంలో సగం తప్పు. ఉత్తరంలో ముప్పాతిక తప్పు. రెండూ చదివి రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు మా అమ్మాయి ‘‘రాసెయ్యమ్మా, బీపీ పెంచుకోకు’’ అంది. కాస్త పొడుగైంది. కత్తిరించుకోండి గాని, చివర్లో బొమ్మ గురించి రాసింది మాత్రం ఉంచండి.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన దాన్ని. ‘బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా అధ్యక్షుడు ______’ అన్న ఖాళీ ఎన్ని ప్రశ్నపత్రాల్లో ఇచ్చానో లెక్కలేదు. అబ్రహాం లింకన్ అని రాస్తే అర మార్కు. స్పెల్లింగ్ తప్పయినా వేసేసేదాన్ని. మీ వ్యాసం రాసినవారు నా దగ్గర చదువుకున్నారేమోనని కూడా ఒక క్షణం అనుమానం వచ్చింది.

ఇప్పుడు వర్జీనియా రాష్ట్రంలో హాంప్టన్ అనే ఊళ్ళో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడ సముద్రపు ఒడ్డున ఫోర్ట్ మన్రో అని రాతి కోట ఉంది, చుట్టూ కందకం. కిందటేడు మనవరాలి క్లాసు వాళ్ళని అక్కడికి తీసుకెళ్తూ, ఇళ్ళ నుంచి పెద్దవాళ్ళు తోడు రావచ్చన్నారు. నేను వెళ్ళాను. టీచరు పిల్లలకి లింకన్ విముక్తి ప్రకటన అచ్చు కాగితాలు పంచిపెట్టింది. మా పిల్ల కందకం గట్టు మీద కూచుని చదువుతూ చదువుతూ ఆగింది. ‘‘అమ్మమ్మా, ఇక్కడ ఎలిజబెత్ సిటీ కౌంటీ తప్ప అని ఉంది. టీచర్ చెప్పింది, మన ఊరికి పాత పేరు అదేనట. అంటే మన ఊరి వాళ్ళని లింకన్ ఫ్రీ చెయ్యలేదా?’’

కాగితం తీసుకుని నేనూ చూశాను. నిజమే. ముప్పై ఏళ్ళు ఆ ప్రకటన గురించి చెప్పానే గాని, ఆ ప్రకటన పూర్తి పాఠం ఒక్కసారైనా చదివిన పాపాన పోలేదు. ‘‘ఇంటికెళ్ళాక చెప్తాలే’’ అని తప్పించుకున్నాను. ఆ చలికాలమంతా ఇక్కడి లైబ్రరీలో కూచుని చదివాను. చదివిందే రాస్తున్నాను.

కథ మొదలైంది అదే కోటలో. 1861 మే 23. ఆ రోజే వర్జీనియా ఓటర్లు అమెరికా నుంచి విడిపోవడానికి ఓటేశారు. రాష్ట్రం అటు పోయింది గాని కోట మాత్రం ఉత్తరాది సైన్యం, అంటే లింకన్ ప్రభుత్వపు సైన్యం చేతిలోనే ఉంది. నీళ్ళకి అవతల సూయెల్స్ పాయింట్ దగ్గర, విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సైన్యం ఫిరంగులకి దిబ్బ కట్టిస్తోంది. మట్టి తవ్వేదీ మోసేదీ బానిసలు. వాళ్ళలో ముగ్గురు ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మాలరీ, జేమ్స్ టౌన్‌సెండ్. వాళ్ళ యజమాని చార్లెస్ మాలరీ దక్షిణాది వైపు కల్నల్. ఇక్కడి పని కాగానే వీళ్ళని నార్త్ కెరొలైనాకి తోలుకుపోయి అక్కడ కూడా ఇదే పనికి పెట్టాలని అతని ఆలోచన. పోతే పెళ్ళాం పిల్లల మొహం మళ్ళీ చూస్తారన్న నమ్మకం లేదు. ఆ రాత్రి ముగ్గురూ ఒక చిన్న పడవ ఎక్కి, చీకట్లో తెడ్లేసుకుంటూ ఈ కోట దగ్గరికి వచ్చి కాపలావాళ్ళకి లొంగిపోయారు.

ఆ నీళ్ళని నేను చూశాను. ఇప్పుడు అవతలి ఒడ్డున అమెరికా నౌకాదళం స్థావరం, బూడిద రంగు యుద్ధనౌకలు బారులు తీరి ఉంటాయి. పట్టపగలు చూస్తేనే ఆ దూరం గుండెల్లో దడ పుట్టిస్తుంది. పైగా ఇవతల ఒడ్డు చేరితే గట్టెక్కినట్టే అన్న భరోసా కూడా ఏమీ లేదు. 1850 నాటి చట్టం ప్రకారం పారిపోయిన బానిసని యజమానికి పట్టి ఇవ్వాలి. రెండు నెలల ముందే ఫ్లోరిడాలో ఫోర్ట్ పికెన్స్ అనే కోటకి ఇలాగే ఆశపడి వచ్చినవాళ్ళని అక్కడి సైనికాధికారి తీసుకెళ్ళి అప్పగించేశాడు. అది కూడా ఉత్తరాది సైన్యపు కోటే.

మర్నాడు కల్నల్ మాలరీ తరఫున మేజర్ కేరీ అనే ఆయన తెల్లజెండా పట్టుకుని వచ్చాడు, మా మనుషుల్ని మాకిచ్చెయ్యండని. కోట అధికారి బెంజమిన్ బట్లర్. వచ్చి గట్టిగా రెండు రోజులైంది. అసలు వృత్తికి మసాచుసెట్స్‌లో లాయరు. బానిసల మీద జాలి ఉన్నవాడేం కాదు. అంతకుముందు ఏడాది అధ్యక్ష పదవికి అభ్యర్థిని ఎంచుకునే తన పార్టీ సభలో, తర్వాత దక్షిణాదికి అధ్యక్షుడైన జెఫర్సన్ డేవిస్‌కే మళ్ళీ మళ్ళీ ఓటేసినవాడు. కాని లాయరు బుర్ర లాయరు బుర్రే. పారిపోయినవాళ్ళని అప్పగించాలన్న చట్టం అమెరికాది కదా, మీది వేరే దేశమని మీరే అంటున్నారు కదా, మరి మా చట్టం మీకెందుకు వర్తిస్తుంది అన్నాడు. మీ కల్నల్ వచ్చి అమెరికాకి విధేయంగా ఉంటానని ప్రమాణం చేస్తే ఇచ్చేస్తానన్నాడు. మా మీద ఫిరంగులు పెట్టడానికి వాడుతున్నారు గనుక వీళ్ళు యుద్ధ సరుకు, శత్రువు దగ్గర పట్టుకున్న సరుకుని జప్తు చేసుకునే హక్కు నాకుంది అన్నాడు. కేరీ వచ్చిన దారినే పోయాడు.

ఆ రోజుల్లో పత్రికలన్నీ పట్టుకున్న మాట ‘కాంట్రాబ్యాండ్’. అంటే నిషిద్ధ సరుకు. ఇది చదివినప్పుడు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మనిషిని సరుకు అనడమే బానిసత్వం. ఆ సరుకు అన్న మాటనే అడ్డం పెట్టి మనిషిని విడిపించాడు. వీళ్ళు మనుషులు, వీళ్ళకి హక్కులున్నాయి అని బట్లర్ అని ఉంటే వాషింగ్టన్‌లో ఆ మాట ఒక్క రోజు కూడా నిలిచేది కాదు.

ముగ్గురినీ అప్పగించలేదన్న కబురు ఊళ్ళ మీద ఎలా పాకిందో చూడండి. మూడు రోజుల్లో ఎనిమిది మంది వచ్చారు. ఆ మర్నాడు నలభై ఏడుగురు. వాళ్ళలో చంటిపిల్లలున్నారు, ముసలివాళ్ళున్నారు. మే 27న బట్లర్ పై అధికారులకి రాసిన ఉత్తరంలో, ఇప్పుడు తన దగ్గరున్నవాళ్ళ ఖరీదు మంచి రోజుల్లో అయితే 60,000 డాలర్లుండేదని రాశాడు. మనుషులు కోటలోకి వచ్చేశారు గాని లెక్క ఇంకా డాలర్లలోనే. జులై 30 నాటికి 900 మంది. దగ్గరుండి లెక్క రాసి పంపాడు: ఒళ్ళొంచి పని చెయ్యగల మగవాళ్ళు 300, పని వయసు దాటినవాళ్ళు 30, ఆడవాళ్ళు 175, పదేళ్ళ లోపు పిల్లలు 225, పది నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు 170. రాసి, ఒక ప్రశ్న అడిగాడు. ఫిరంగి దిబ్బ కట్టినవాడు యుద్ధ సరుకు, సరే. మరి పాలు తాగే పిల్ల ఏ సరుకు? వీళ్ళు ఇంకా బానిసలా, స్వతంత్రులా?

మీ వ్యాసం రాసినవారు గమనించాల్సిన చోటు ఇది. ఆ ప్రశ్న వాషింగ్టన్‌లో పుట్టలేదు. పిల్లల్ని చంకనేసుకుని కోట గేటు దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళు తెచ్చిపెట్టిన ప్రశ్న. అప్పటిదాకా లింకన్ ప్రభుత్వం యుద్ధం వేరు, బానిసత్వం వేరు అంటూ వచ్చింది. 1861 మార్చి 4న ప్రమాణ స్వీకారం చేస్తూ లింకన్ స్వయంగా, ఉన్న రాష్ట్రాల్లో బానిసత్వం జోలికి పోయే ఉద్దేశం తనకి లేదని చెప్పాడు. బానిసత్వాన్ని కేంద్రం ఎన్నటికీ ముట్టుకోకుండా ఒక రాజ్యాంగ సవరణని అప్పటికే కాంగ్రెస్ (అంటే అమెరికా పార్లమెంటు) రెండు సభలూ పాస్ చేసి ఉన్నాయి. తగినన్ని రాష్ట్రాలు ఆమోదించకముందే యుద్ధం వచ్చిపడి అది అటకెక్కింది గాని, లేకపోతే 13వ సవరణ అదే అయ్యేది! ఇలాంటివి తెలిసినప్పుడు రాత్రి నిద్ర పట్టదు నాకు.

ఇంకొకటి. 1861 జులై 21న బుల్ రన్ దగ్గర మొదటి పెద్ద యుద్ధంలో ఉత్తరాది ఓడింది. ఆ వారంలోనే కాంగ్రెస్ తీర్మానం చేసింది, ఈ యుద్ధం దేశాన్ని కలిపి ఉంచడానికే గాని, రాష్ట్రాల వ్యవస్థల్ని కూలదొయ్యడానికి కాదని. వ్యవస్థ అంటే ఏమిటో అందరికీ తెలుసు. ఆ రోజు ఉత్తరాది గెలిచి, రెండు నెలల్లో రాజీ కుదిరి ఉంటే దేశం కలిసేది, బానిసత్వం ఎక్కడిదక్కడే ఉండేది. యుద్ధం సాగింది కాబట్టే విముక్తి వచ్చింది. సాగిన కొద్దీ సిపాయిలు కావలసి వచ్చారు, కూలీలు కావలసి వచ్చారు. దక్షిణాదిలో పొలం దున్నేదీ కందకం తవ్వేదీ బానిసలే కాబట్టి అక్కడి తెల్ల మగవాళ్ళు నిశ్చింతగా తుపాకీ పట్టుకుని వెళ్ళగలిగారు. ఒక్క బానిస పారిపోయి ఇటొస్తే అటు ఒకడు తగ్గాడు, ఇటు ఒకడు పెరిగాడు. తేడా రెండు. ఈ చిన్న లెక్క వాషింగ్టన్ బుర్రకెక్కడానికి ఏడాదిన్నర పట్టింది.

ఆ ఏడాదిన్నరలో చట్టం జనం వెనక కుంటుతూ నడిచింది. 1861 ఆగస్టు 6న, తిరుగుబాటు సైన్యం పనికి వాడిన బానిసల మీద యజమానికి హక్కు పోతుందని చట్టం. 1862 మార్చిలో, సైనికాధికారులెవరూ పారిపోయి వచ్చినవాళ్ళని అప్పగించకూడదని మరొకటి. ఏప్రిల్ 16న రాజధాని వాషింగ్టన్‌లో బానిసత్వం రద్దు. తలకి 300 డాలర్ల దాకా పరిహారం. ఎవరికనుకున్నారు? యజమానులకి! విడుదలైనవాళ్ళకి దక్కింది, దేశం విడిచి వెళ్ళిపోతామంటే 100 డాలర్ల దాకా ఇస్తామన్న మాట. జులై 17న, తిరుగుబాటుదారుల బానిసలు మన సైన్యం దగ్గరికి వస్తే ఇక స్వతంత్రులేనని ఇంకో చట్టం. ఈ మధ్యలో ఇద్దరు జనరల్స్, మిస్సోరిలో ఫ్రెమాంట్, దక్షిణ తీరంలో హంటర్, తమంతట తాము విముక్తి ఆర్డర్లు ఇచ్చేస్తే లింకనే వాటిని రద్దు చేశాడు. బానిసత్వం ఉండి కూడా విడిపోకుండా ఉన్న నాలుగు రాష్ట్రాలు, డెలావేర్, మేరీలాండ్, కెంటకీ, మిస్సోరి, గోడ మీద పిల్లిలా ఉన్నాయి. అవి అటు దూకుతాయేమోనని ఆయన భయం. పరిహారం తీసుకుని మెల్లగా రద్దు చేసుకోండని వాళ్ళని బతిమాలాడు. మొత్తం బానిసలు 1,800 మంది కూడా లేని డెలావేర్ సైతం ఒప్పుకోలేదు.

అప్పటికి గాని ఆయన కలం తియ్యలేదు. 1862 జులై 22న మంత్రులకి ముసాయిదా చదివి వినిపించాడు. ఓడిపోతూ ఇది ప్రకటిస్తే దిక్కులేక చేసినట్టుంటుంది, ఒక గెలుపు రానివ్వండి అన్నాడు విదేశాంగ మంత్రి సీవర్డ్. సెప్టెంబర్ 17న యాంటీటమ్ దగ్గర ఒక్క రోజులో రెండు వైపులా కలిపి 23,000 మంది దాకా చనిపోవడమో గాయపడటమో కనపడకుండా పోవడమో జరిగితే, దాన్ని గెలుపనుకుని సెప్టెంబర్ 22న ముందస్తు ప్రకటన, 1863 జనవరి 1న అసలు ప్రకటన. ఆ రోజు కొత్త సంవత్సరం రిసెప్షన్లో గంటల తరబడి చేతులు కలిపి కలిపి లింకన్ చెయ్యి వణికిందట. సంతకం వణికితే సందేహించాడనుకుంటారేమోనని ఆగి, నెమ్మదిగా పేరంతా రాశాడు. ఆయన్ని తక్కువ చెయ్యడానికి రాయడం లేదు నేను. ఆ సంతకం పెట్టాక ఎవరెంత ఒత్తిడి చేసినా వెనక్కి తీసుకోలేదు. 1864 ఎన్నికల్లో ఓడిపోతాననుకున్న రోజుల్లో కూడా.

ఇప్పుడు మా మనవరాలి ప్రశ్న. ప్రకటన చెల్లేది తిరుగుబాటులో ఉన్న చోట మాత్రమే. ఎందుకంటే లింకన్ దాన్ని సర్వసైన్యాధిపతిగా, యుద్ధాస్త్రంగా వాడాడు. శాంతిగా ఉన్న చోట ఒకరి ‘ఆస్తి’ లాక్కునే అధికారం అధ్యక్షుడికి లేదు. అందుకే ఆ నాలుగు రాష్ట్రాలకీ అది వర్తించదు, అక్కడున్న బానిసలే నాలుగు లక్షలు దాటతారు. టెనెసీకి వర్తించదు. లూసియానాలో, వర్జీనియాలో అప్పటికే ఉత్తరాది చేతికొచ్చిన ప్రాంతాలకీ వర్తించదు. ఆ వర్జీనియా కౌంటీల జాబితాలో ఎలిజబెత్ సిటీ కౌంటీ కూడా ఉంది. అంటే విముక్తికి తలుపు తెరిచిన ఊరే ప్రకటనలో మినహాయింపు.

కాని ఆ మినహాయింపు చూసి ఇక్కడివాళ్ళు వెనక్కి వెళ్ళి యజమాని ముందు నిలబడ్డారా? హాంప్టన్‌ని 1861 ఆగస్టులో దక్షిణాది సైన్యమే తగలబెట్టిపోయింది, ఉత్తరాది వాళ్ళకీ ఈ పారిపోయివచ్చిన వాళ్ళకీ నీడ దొరక్కూడదని. ఆ కాలిన ఇళ్ళ మొండిగోడల మధ్యే వీళ్ళు చెక్కలేరుకుని ఊరు కట్టుకున్నారు. దాని వీధులకి లింకన్, ఉత్తరాది జనరల్ గ్రాంట్ పేర్లు పెట్టుకున్నారు. మేరీ పీక్ అనే ఆవిడ ఇక్కడి పిల్లలకి చదువు చెప్పింది. నల్లవాళ్ళకి చదువు నేర్పడం వర్జీనియా చట్టం ప్రకారం నేరంగా ఉండిన రోజులు అప్పటికి ఇంకా నిన్నా మొన్నటివి. సిందూర వృక్షం జాతి చెట్టు ఒకటి, ఇప్పుడు హాంప్టన్ యూనివర్సిటీ ఆవరణలో ఉంది. దాని కిందే ఆవిడ పాఠాలు చెప్పిందంటారు. 1862 ఫిబ్రవరిలో క్షయతో పోయింది, ప్రకటన చూడకుండానే. 1863లో ఆ ప్రకటనని జనమంతా చేరి చదివించుకుని విన్నది ఆ చెట్టు కిందే. తమ కౌంటీకి వర్తించని ప్రకటనని! కొమ్మలు నేల దాకా వాలి ఉంటాయి. నేను, మనవరాలు కింద కూచుని తెచ్చుకున్న చపాతీలు తిన్నాం.

అలాగని అదంతా సుఖమని కాదు. ఆ గుడిసెల్లో రోగాలు పీకి పాకం పెట్టాయి. సైన్యం పని చేయించుకుని జీతం పుస్తకంలో రాసింది గాని చేతికి సరిగ్గా ఇవ్వలేదు. అయినా జనం వస్తూనే ఉన్నారు. యుద్ధం ముగిసేలోపు దక్షిణాది మొత్తం మీద ఇలా ఉత్తరాది సైన్యం నీడకి చేరినవాళ్ళు దాదాపు 5 లక్షల మంది అని చరిత్రకారుల అంచనా. 1860 జనాభా లెక్కల్లో మొత్తం బానిసలు 39,53,760. ఎనిమిది మందిలో ఒకరు, ఎవరి సంతకం కోసమూ ఆగకుండా, తమ కాళ్ళ మీద తాము నడిచి వచ్చారు.

ప్రకటనలో నేనెప్పుడూ క్లాసులో చెప్పని వాక్యం ఇంకోటుంది. విడుదలైనవాళ్ళని సైన్యంలోకి తీసుకుంటామని. అదే దాని అసలు కోర. 1,79,000 మంది నల్లవాళ్ళు ఉత్తరాది సైన్యంలో, 19,000 మంది నౌకాదళంలో పనిచేశారు. దాదాపు 40,000 మంది చనిపోయారు, అందులో ఎక్కువ మంది రోగాలతో. తెల్ల సిపాయికి నెలకి 13 డాలర్లు. నల్ల సిపాయికి 10, అందులో బట్టల ఖర్చని 3 కోత. మసాచుసెట్స్ 54వ దళం వాళ్ళు ‘సమానంగా ఇస్తే తీసుకుంటాం, లేకపోతే మాకొద్దు’ అని నెలల తరబడి జీతం ముట్టుకోకుండా యుద్ధం చేశారు. ఇంటి దగ్గర పిల్లలు పస్తులుంటుంటే. 1864 జూన్‌లో కాంగ్రెస్ దిగొచ్చింది. దక్షిణాది సైన్యం వెనక్కి తగ్గుతుంటే, ఒకప్పటి తమ మనిషి నీలం కోటు వేసుకుని తుపాకీతో ఎదురొస్తే ఆ యజమానికి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

జూన్ 19 సంగతి మీ వ్యాసంలో ఒక్క ముక్కలో ఉంది, అదీ ‘ఆ రోజు బానిసత్వం అంతమైంది’ అని. కాలేదు. 1865 ఏప్రిల్ 9న దక్షిణాది సేనాపతి లీ లొంగిపోయాడు, ఆ వారంలోనే లింకన్ హత్య జరిగింది. టెక్సాస్‌లో రెండున్నర లక్షల మంది ఇంకా బానిసలుగానే ఉన్నారు. జూన్ 19న ఉత్తరాది జనరల్ గ్రేంజర్ గాల్వెస్టన్‌లో దిగి ఉత్తర్వు చదివించాడు. మీరిప్పుడు స్వతంత్రులు, ఉన్నచోటే ఉండి కూలికి పని చేసుకోండి, సోమరిగా తిరిగితే పోషించం అని దాని సారాంశం. రెండు వందల ఏళ్ళు వెట్టి చేసినవాళ్ళతో సోమరితనం గురించి పాఠం! సరే. ఆ రోజుకి కూడా కెంటకీ, డెలావేర్‌లలో బానిసత్వం చట్టబద్ధమే. 13వ రాజ్యాంగ సవరణ జనవరి 31న ప్రతినిధుల సభలో 119–56 ఓట్లతో గట్టెక్కింది. డిసెంబర్ 6న 27వ రాష్ట్రంగా జార్జియా ఆమోదించాక గాని అమల్లోకి రాలేదు. మన ఖాళీ పూరించాలంటే అదీ జవాబు. అందులో కూడా ‘నేరానికి శిక్షగా తప్ప’ అని ఒక ముక్క ఉంది. పని లేకుండా తిరిగాడని నల్లవాణ్ణి అరెస్టు చెయ్యడం, ఖైదీగా తోటలకీ గనులకీ అద్దెకివ్వడం దశాబ్దాల పాటు నడిచింది, ఆ ముక్క పట్టుకునే. పిల్లల పేజీలో ఇది వెయ్యలేమంటారా, వెయ్యకండి. అంతమైంది అని మాత్రం రాయకండి.

పన్నుల గొడవ అన్న పాఠకుడికి ఎక్కువ చెప్పను. విడిపోతూ ఆ రాష్ట్రాలు కారణాలు రాసిపెట్టాయి, అవి చదవండి. తమ వైఖరి బానిసత్వ వ్యవస్థతో పూర్తిగా ముడిపడి ఉందని మిసిసిపీ మొదట్లోనే రాసుకుంది. దక్షిణాది ఉపాధ్యక్షుడు స్టీఫెన్స్ 1861 మార్చి 21న సవానాలో, నల్లవాడు తెల్లవాడితో సమానం కాడన్నదే మా కొత్త ప్రభుత్వానికి మూలరాయి అని ఉపన్యాసమిచ్చాడు. ఇక రాష్ట్రాల హక్కులంటారా, సౌత్ కెరొలైనా కాగితంలో పెద్ద ఫిర్యాదు ఏమిటో తెలుసా? ఉత్తరాది రాష్ట్రాలు పారిపోయిన బానిసల్ని పట్టి ఇవ్వడం లేదని. ఆ రాష్ట్రాలు తమ హక్కు వాడుకోవడమే వాళ్ళ బాధ! ఉత్తరాది విముక్తి కోసం యుద్ధానికి దిగలేదన్నది నిజం. దక్షిణాది బానిసత్వం కోసమే దిగిందన్నదీ అంతే నిజం. మొదటిది చెప్పి రెండోది మింగితే ఎలా?

ఇక బొమ్మ. మీ వ్యాసం పక్కన వేసిన బొమ్మలో లింకన్ నిలబడి చెయ్యి చాపి ఉన్నాడు, సంకెళ్ళు తెగిన మనిషి ఆయన కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద ఉన్నాడు. ఇది ఎక్కడిదో నాకు తెలుసు. వాషింగ్టన్‌లో లింకన్ పార్కులో ఇలాంటి విగ్రహం ఉంది. లింకన్‌ని చంపారన్న వార్త వినగానే షార్లట్ స్కాట్ అనే వర్జీనియా ఆవిడ, విడుదలయ్యాక తాను సంపాదించిన మొదటి 5 డాలర్లు తెచ్చి ఇచ్చింది, ఆయనకో గుర్తు కట్టించండని. తర్వాతి డబ్బంతా కూడా ఆవిడలాంటివాళ్ళు, నల్ల సిపాయిలు కూడబెట్టి ఇచ్చిందే. విగ్రహం ఎలా ఉండాలని మాత్రం వాళ్ళనెవరూ అడగలేదు. 1876 ఏప్రిల్ 14న ఆవిష్కరణ సభలో ముఖ్యవక్త ఫ్రెడరిక్ డగ్లస్, స్వయంగా బానిసగా పుట్టి 1838లో మేరీలాండ్ నుంచి పారిపోయినవాడు. సభలో చెప్పాల్సింది చెప్పి ఊరుకోలేదు. అయిదు రోజుల తర్వాత వాషింగ్టన్ పత్రిక ఒకదానికి, ఇదిగో నేను మీకు రాస్తున్నట్టే, సంపాదకుడికి ఉత్తరం రాశాడు. నల్లవాడు నాలుగు కాళ్ళ జంతువులా మోకాళ్ళ మీద కాకుండా మనిషిలా నిటారుగా నిలబడిన విగ్రహం చనిపోయేలోపు చూడాలని ఉందని. ఆ ఉత్తరం పాత పత్రికల్లో మరుగున పడిపోయి 2020లో మళ్ళీ బయటికొచ్చింది.

కాబట్టి నా కోరిక ఒక్కటే. వచ్చే పిల్లల పేజీలో సవరణ వేస్తే, మీ ఆర్టిస్టుగారితో చెప్పి అతన్ని లేపి నిలబెట్టండి. చేతికి తెడ్డు ఇవ్వండి. పక్కన ఇంకో ఇద్దరిని వెయ్యండి. పేర్లు రాసేటప్పుడు జాగ్రత్త: ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మాలరీ, జేమ్స్ టౌన్‌సెండ్. లింకన్ వెనకాల ఎక్కడో టేబుల్ దగ్గర కూచుని రాసుకుంటూ ఉంటే ఫరవాలేదు.

మా మనవరాలు ఒకటి గీసింది, ఫోటో తీసి జతచేస్తున్నాను. పడవ మరీ ఓడంత వేసింది. నిజం పడవ చిన్నది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్,
హాంప్టన్, వర్జీనియా